రాజలింగు బీడీ

నా గుండె మీద ఒక బీడీ బరువుంది. నవ్వకండి. బీడీకి బరువేమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. బొగ్గు నింపిన టబ్బును భుజంతో నెట్టినప్పుడు కూడా నాకింత ఆయాసం రాలేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నా భార్య నోట్లో నువ్వుగింజ నానదు, ఆమెకు చెబితే పొద్దుగూకేసరికి కాలనీ అంతా తెలుస్తుంది. మా పాస్టరుగారికి చెబుదామని ఆయన గుమ్మం దాకా పోయి, వానల గురించి మాట్లాడి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

అరవైల చివర్లో గోదావరిఖనిలో కొత్త బాయిలు తెరుస్తున్నారు. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. నేను అందులో బదిలీ మనిషిని. అంటే పర్మినెంటు వాళ్లలో ఎవరైనా రాకపోతేనే నాకు పని. పొద్దున్నే పోయి నిలబడాలి. పిలిస్తే దిగాలి, పిలవకపోతే సద్ది గిన్నె పట్టుకుని ఇంటికి రావాలి. నన్ను తన గుంపులోకి పిలిపించి నిలబెట్టినవాడు ఓదెలన్న. కమాన్‌పూర్ వైపు పల్లె మనిషి, మాటలు తక్కువ. కప్పును ఎలా వినాలో నాకు నేర్పింది ఆయనే. కప్పంటే మా నెత్తి మీది బండ. పని మొదలుపెట్టే ముందు దాన్ని కర్రతో తట్టి వినాలి. గట్టిగా పలికితే దాని కింద కూర్చోవచ్చు, బోలుగా పలికితే వెనక్కి రావాలి. మా గుంపులో ఆ పని ఎప్పుడూ ఓదెలన్నదే.

ఆయన తమ్ముడు రాజలింగు. నవ్వుల మనిషి. వాడికి బీడీ అంటే ప్రాణం. బాయిలోకి బీడీ, అగ్గి తీసుకుపోవడం పెద్ద నేరం కదా, లోపల ఏ గాలి ఉంటుందో తెలియదు, ఒక్క రవ్వ చాలు. అందుకని వాడు దిగే ముందు బాయి నోటి దగ్గర గోడ సందులో ఒక బీడీ దాచిపోయేవాడు. షిఫ్టు అయ్యి పైకి రాగానే ముఖం కూడా కడుక్కోకుండా దాన్ని వెతుక్కునేవాడు. ఒక బేస్తవారం మొదటి షిఫ్టులో ఓదెలన్న కప్పును తట్టి, బాగుందన్నాడు. రాజలింగు పోయి కూర్చున్నాడు. కాసేపటికి కప్పు కూలింది. బండలు తీసి వాణ్ని పైకి తెచ్చాక, గోడ సందులో ఆ పొద్దు దాచిన బీడీ అలాగే ఉంది. దాన్ని తీసింది ఓదెలన్నే.

కర్మలు అయ్యాక ఆయన ఒక పని మొదలుపెట్టాడు. బేస్తవారం బేస్తవారం సద్ది గిన్నెలో జొన్న గట్క అడుగున ఆకులో చుట్టి ఒక బీడీ తెచ్చేవాడు. తమ్ముడు పోయిన చోట బొగ్గు గోడలో చిన్న గూడు లాంటిది ఉంది. అందులో పెట్టేవాడు. ముట్టించేవాడు కాదు. బాయిలో నిప్పు పుట్టకూడదని ఆయనకు తెలియదా? అగ్గి మాటేమిటని గుంపులో ఎవరో అడిగితే, “అగ్గి వాడే తెచ్చుకుంటడు” అన్నాడు.

మాది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో పోయినవాళ్లకు ఏమీ పెట్టరు. సమాధి మీద పూలు పెట్టి పాట పాడి వచ్చేస్తారు. కాబట్టి నాకు ఆ గూడంటే భయం లేదు. భయం లేకపోవడం మంచిదని అనుకునేవాణ్ని అప్పుడు. ఒక బేస్తవారం ఖాళీ టబ్బులు రాక పని ఆగింది. మిగతావాళ్లు ముందుకు పోయారు, నేనొక్కణ్ని గూడు దగ్గర కూర్చున్నాను. నాలుక పీకేస్తోంది. నా టోపీ లోపలి పట్టీలో కొన్ని అగ్గిపుల్లలు, గీసే ముక్క ఒకటి ఎప్పుడూ దాగి ఉండేవి. అవును, నేను అంతటి మూర్ఖుణ్ని. తేమకు పాడైపోయే బీడీ ఎవరికి ఉపయోగమని తీసి ముట్టించాను. సగం అయిందో లేదో, మూలన ఎవరిదో దీపం కనిపించింది. గబుక్కున ఆర్పి, మిగిలిన సగాన్ని గూట్లో పెట్టేశాను. కాలిన కొన గోడ వైపు తిప్పి పెట్టాను.

వచ్చింది ఓదెలన్న. దీపం గూడు మీద పడింది. ఆయన వంగి కాలిన ముక్కను బయటికి తీశాడు. తర్వాత ఆ ముక్కను కళ్లకద్దుకుని నేల మీద కూర్చుండిపోయాడు. పొగ వాసన ఇంకా గాలిలో ఉంది. ఆ వాసన నా నోట్లోంచి వస్తోందని ఆయనకు తోచలేదు. “తమ్మి, వాడు నా మీద కోపంగ లేడు” అన్నాడు. అప్పుడర్థమైంది నాకు, ఆయన అన్నాళ్లూ మోస్తున్నదేమిటో. తట్టిన చెయ్యి ఆయనది, బాగుందన్న నోరు ఆయనది. ఆ క్షణంలో నేనే తాగానని చెప్పి ఉంటే ఏమయ్యేది? రెండు తిట్లు తిట్టేవాడు. అంతే కదా. చెప్పలేదు.

మరుసటి వారం భయపడి ముట్టుకోలేదు. బీడీ పెట్టింది పెట్టినట్టే ఉండేసరికి ఓదెలన్న ముఖం చూడలేకపోయాను. ఆయన అన్నం తినలేదు. కప్పు తట్టడానికి చెయ్యి లేవక కర్ర ఇంకొకరికి ఇచ్చాడు. ఆ పై వారం నేను తాగాను. ఆ తర్వాత కూడా. ఆయన కోసమే తాగానని నాకు నేను చెప్పుకునేవాణ్ని. నిజమేనా? ఆయన సంతోషం ఎంత, నా నాలుక చాపల్యం ఎంత? ఇన్నేళ్లు తూచి చూశాను, ముల్లు ఒకచోట నిలవదు. ఇంకోటి కూడా చెప్పాలి. తాగినప్పుడల్లా సగమే తాగేవాణ్ని. మొదటిసారి దీపం చూసి ఆపాను, సరే. తర్వాత ఎవరూ రాకపోయినా సగం దగ్గర చెయ్యి ఆగిపోయేది. పక్కన ఎవరో తన వంతు కోసం ఓపిగ్గా కూర్చున్నట్టుండేది. తిరిగి చూస్తే నా దీపం వెలుగులో బొగ్గు గోడ తప్ప ఏమీ ఉండేది కాదు. ముక్కను గూట్లో పెట్టి, కాలిన కొన గోడ వైపు తిప్పి, జల్ది వచ్చేసేవాణ్ని.

కాలిన ముక్కలు చూసి గుంపంతా మారిపోయింది. ఆ చోటుకు పోయే ముందు “రాజలింగు, వస్తున్నం” అని ఒక కేక వేసి అడుగుపెట్టేవాళ్లు. నేనూ వేసేవాణ్ని. నేను తాగిన బీడీకి నేనే భయపడే రోజులు వచ్చాయి.

చివరికి అలాంటి ముక్క ఒకటి, బాయిలో మా పని చూసే ఓవర్‌మ్యాన్ కంట పడింది. మరునాటి నుంచి మా గుంపును బాయి దిగనివ్వలేదు. ఆఫీసు ముందు ఎండలో కూర్చోబెట్టారు. బాయిలో బీడీ తాగిందెవరో చెప్పేదాకా పని లేదు, హాజరు లేదు. చెప్పకపోతే అందరినీ తీసేస్తామన్నారు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. అందరికీ తెలుసు బీడీ ఎవరు పెడతారో. ఒక్కరూ నోరు విప్పలేదు. ఓదెలన్న తానే చెప్పేస్తానని లేస్తే, పిల్లలున్నవాడివి కూర్చోమని పట్టి ఆపారు. చుట్టూ ఉన్న బాయిలన్నింటిలో ఆ పొద్దు మా గుంపు గురించే మాట.

నన్ను చివర పిలిచారు. మేనేజరు దొరది అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. ముందు పోలీసులన్నాడు. తర్వాత టీ తెప్పించాడు. మీ క్రైస్తవులు అబద్ధమాడరని విన్నానే అన్నాడు. నీ భార్యకు నెలలు నిండాయట, బదిలీ పనితో ఎన్నాళ్లు నెట్టుకొస్తావు, చెబితే పర్మినెంటు చేయిస్తానన్నాడు. బీడీ తాగినవాడు ఎక్కడో దాక్కోలేదు, మీలోనే ఉన్నాడన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి టోపీ మీదికి పోయింది. అగ్గిపుల్లలు అందులోనే ఉన్నాయి. దొర గమనించలేదు. గమనించి ఉంటే నాకు ఈ బరువు ఉండేది కాదు.

బీడీ ఓదెలు పెడతాడని చెప్పాను. అది నిజం. చూడండి, నేను అబద్ధం ఆడలేదు. నిజాన్ని సగం దగ్గర ఆపాను, బీడీని ఆపినట్టే.

నన్ను అక్కడే నిలబెట్టి ఓదెలన్నను పిలిచారు.

“బీడీ లోపలికి తెచ్చింది నువ్వేనా?”

“నేనే దొర. మా తమ్మునికి తెచ్చిన.”

“మరి ముట్టించిందెవరు?”

“మా తమ్ముడే.”

గుమస్తా నవ్వబోయి ఆగాడు. చచ్చినవాడు బీడీ తాగుతాడా అని దొర అడిగాడు.

“తాగిండు దొర. నేను తట్టిన కప్పే వాని మీద పడ్డది. కోపముంటే తాగునా?”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో భయం లేదు. నౌకరీ పోతోందని తెలుసు, అయినా ఎంతో నిమ్మళంగా ఉన్నాడు. నేను ఆయనకు చేతి దూరంలో ఉన్నాను. ఒక్క మాట చాలు, నేనే ముట్టించానని. చెబితే ఆయన నౌకరీ నిలుస్తుందేమో, తమ్ముడు మాత్రం పోతాడు, రెండోసారి. అలా ఆలోచించి ఊరుకున్నానని చెప్పాలనుంది మీకు. కానీ ఆ ఆలోచన ఆ రోజు రాలేదు. ఇంటికి పోయాక, నాకు అవసరమయ్యాక వచ్చింది. ఆ రోజు నాకు గుర్తున్నది పర్మినెంటు అన్న మాటే.

ఓదెలన్నను తీసేశారు. కొన్నాళ్లకే నేను పర్మినెంటు అయ్యాను. గుంపులో నా గిన్నె పక్కన ఇంకో గిన్నె పెట్టడం మానేశారు. ఆయన క్వార్టరు ఖాళీ చేసి సామాను బండికెత్తుతుంటే, పోకూడదనుకుంటూనే పోయాను. మంచం ఒక కొస పట్టుకున్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

“నువ్వే చెప్పినవని తెలుసు తమ్మి. ఉన్నదే చెప్పినవ్, దానికేంది. నాకొక్కటి చెయ్యి. బేస్తవారం బేస్తవారం వానికి బీడీ పెట్టు. వానికి అలవాటైంది.”

సరేనన్నాను. తిట్టినా బాగుండేది.

ఆ బేస్తవారం పెట్టాను. అంతకు ముందే టోపీలోని అగ్గిపుల్లలు, గీసే ముక్క మోరీలో పారేశాను. ఇక బాయిలో తాగనని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటికి తనిఖీ గట్టిగా చేస్తున్నారు. టోపీలు తీయిస్తున్నారు, నడుం పట్టీలు విప్పిస్తున్నారు. సద్ది గిన్నె ఒక్కటే కదిలించేవాళ్లు కాదు. ఆయనలాగే అన్నం అడుగున ఆకులో చుట్టి బీడీ తెచ్చి, గూట్లో పెట్టి, షిఫ్టు అంతా ఆ వైపు చూడకుండా పని చేశాను.

మరునాడు దిగాను. రాజలింగు, వస్తున్న, అని నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది. దీపం గూడు వైపు తిప్పాను.

బీడీ కాలి ఉంది. సగం. కాలిన కొన గోడ వైపు ఉంది.

నాలాంటి దొంగ ఇంకొకడు ఉన్నాడనుకోవాలి. తనిఖీ తప్పించుకుని అగ్గి తెచ్చి ఉంటాడు. ముక్కలు గూట్లో ఎలా ఉండేవో గుంపులో అందరూ చూసినవాళ్లే, కాబట్టి అలాగే పెట్టి ఉంటాడు. నన్ను ఏడిపించడానికే పెట్టి ఉండవచ్చు. ఇవన్నీ అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను, ఇప్పటికీ. కానీ ఆ పూట ఆ గూడు ముందు నిలబడ్డప్పుడు నా నోట్లో బీడీ రుచి ఉంది. ముందటి రోజు నుంచి నేనసలు బీడీ తాగలేదు. ఆ తర్వాత మళ్లీ పెట్టలేదు. కాళ్లా వేళ్లా పడి మందమర్రి వైపు ఇంకో బాయికి మార్పించుకున్నాను. ఓదెలన్నకు ఇచ్చిన మాట అలా పోయింది.

కొన్నేళ్లకు ఆయనకు బాగాలేదని తెలిసి చూడబోయాను. ఈసారి చెప్పేయాలనే పోయాను, దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన నులకమంచం మీద ఎముకల గూడులా ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. ఇంట్లోవాళ్లు అటు పోగానే నా చెయ్యి పట్టుకుని, “పెడుతున్నవా? తాగుతుండా?” అని అడిగాడు.

“తాగుతుండు అన్నా” అన్నాను.

ఆయన నిమ్మళంగా కళ్లు మూసుకున్నాడు. ఆ నెలలోనే పోయాడు. అది దయా, పిరికితనమా? నన్ను అడగకండి, నేను నా పక్షాన్నే చెబుతాను. మీరు నన్ను క్షమించాలని కూడా ఇది చెప్పలేదు. క్షమించే హక్కున్న మనిషికి చెప్పవలసింది చెప్పకుండా వచ్చినవాణ్ని. ఒక్క మాట గొంతులోంచి బయటికి రావాలి, అంతే. ఇదిగో, వస్తోంది.

రాజలింగు బీడీలు తాగింది నేను. ఆ చివరిది తప్ప.