స్వరూప కవిత చదవడానికి భూపాలపల్లికి

భూపాలపల్లి సభలో కవిత చదవమని పిలుపు వచ్చింది నాకు కాదు, నా స్నేహితురాలు స్వరూపకు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా ఆటపాటల సభలు జరుగుతున్న ఈ రోజుల్లో, మా ఊరు లింగాల ఘనపూర్ దాటి ఆమె పేరు వినబడటం అదే మొదటిసారి. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. పచ్చకామెర్లు ముదిరి స్వరూప దవాఖానలోనే కన్నుమూసింది. ఆ మాట చెబుదామని నిర్వాహకులకు ఫోన్ చేస్తే, "మీరే వచ్చి ఆమె కవిత చదువుండ్రి అక్కా" అన్నారు. బయలుదేరే ముందు స్వరూప వాళ్లమ్మ ఎల్లవ్వకు చెప్పడానికి వెళ్లాను. అంతా విని, "నేనూ వస్త బిడ్డా" అంది. కూతురు పోయినప్పటి నుంచి ఆమె కంట చుక్క నీరు రాలేదని వాడకట్టంతా భయపడుతోంది. ఆమెను వెంటబెట్టుకునే బయలుదేరాను.

పొద్దున్నే ఆటోలో జనగామ చేరి, అక్కడ హన్మకొండ బస్సు ఎక్కాం. గంటన్నర ప్రయాణం. హన్మకొండలో పరకాల మీదుగా పోయే భూపాలపల్లి బస్సు పట్టుకోవాలి. మామూలు రోజుల్లో రెండు గంటల్లో చేరుస్తుంది. చార్జీలన్నీ కలిపినా మనిషికి వంద దాటలేదు. మాకు మాత్రం పరకాల దాటాక రాస్తారోకో ఎదురైంది. నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డ్రైవర్ ఇంజిన్ ఆపేసి, "దిగుండ్రి, తిన్నంకనే పోదాం" అంటూ తానే ముందు దిగాడు. వడ్డిస్తున్న ఒకామె ఎల్లవ్వ చేతికి విస్తరి ఇచ్చి, "ఎటు పోతున్నవ్ అవ్వా?" అని అడిగింది.

"మా బిడ్డ రాసింది సదువుతరట. ఇనొద్దామని."

"మరి బిడ్డ రాలేదా?"

ఎల్లవ్వ అన్నం కలుపుతూనే, "రాలే" అంది. ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు.

చెల్పూర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనబడ్డాయంటే ఊరు దగ్గరపడ్డట్టే. సాయంత్రం నాలుగు దాటాక దిగి, బస్టాండు నుంచి మైదానానికి నడిచాం. చీకటి పడుతుండగా సభ మొదలైంది. డప్పు తప్ప వేరే వాద్యం లేకుండా ముగ్గురు గాయకులు పాడుతుంటే జనం చప్పట్లతో తాళం వేశారు. తర్వాత మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన లంబాడా ఆడవాళ్లు అద్దాల పావడాలతో గుండ్రంగా తిరుగుతూ ఆడారు. వాళ్లను నడిపిస్తున్న పెద్దామె పేరు సోమ్లి అని మైకులో చెప్పారు.

ఆ తర్వాత నన్ను పిలిచారు. "నా ఊరు దాటి నీళ్లు పోతున్నయి, మా అవ్వ బిందె మాత్రం బోరింగు కాడనే నిలబడ్డది" అని చదవగానే జనం ఈలలు వేశారు. ఆ ఈలలు వినాల్సిన మనిషి లేదు కదా అనుకున్నాను. ఎలాగో పూర్తి చేశాను. ముందు వరసలో కూర్చున్న ఎల్లవ్వ కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

వేదిక వెనక భోజనాల దగ్గర సోమ్లి మా పక్కన కూర్చుంది. ఎల్లవ్వ ముఖం చూసి, ఏమైందని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె ఎల్లవ్వ వైపు తిరిగింది.

"బిడ్డకు పెండ్లి చేసినవా అక్కా?"

"లేదు. సంబంధం చూస్తుంటిమి."

"మా తండాల, పెండ్లయిన పిల్లను పంపేటప్పుడు పట్టుకొని ఏడుసుకుంట పాట పాడుతం. నీ బిడ్డకు ఎవలు పాడలేదు గద. నేను పాడుత. సాగనంపాలె గదక్కా."

సోమ్లి ఆమెను రెండు చేతులా పొదువుకుని, తమ భాషలో సన్నగా రాగం ఎత్తింది. అందులో ఒక్క మాటా మాకు తెలియదు. మిగతా ఆడవాళ్లు కూడా విస్తర్లు పక్కన పెట్టి వచ్చి గొంతు కలిపారు. ఎల్లవ్వ కొంతసేపు బిగుసుకుని కూర్చుంది. ఉన్నట్టుండి సోమ్లి భుజం మీద పడి, "నా బంగారూ, పోతివా" అంటూ బావురుమంది. చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కొంగుతో ముఖం తుడుచుకున్నాక నా చెయ్యి పట్టుకుని, "పోయింది బిడ్డా. ఇగ రాదు" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

ఆటపాటల సభ అంటే నినాదాలు, ఉత్సాహం అనుకునే వెళ్లాను. రాష్ట్రం ఎప్పుడు వస్తుందో, స్వరూప లేని ఆ ఇంట్లో ఎల్లవ్వ రోజులు ఎలా గడుస్తాయో నాకు తెలియదు. మాకు తెలియని భాషలో పాడి ఆ ఆడవాళ్లు ఆమె బిడ్డను తమ బిడ్డలా సాగనంపారని మాత్రం తెలుసు. మీరూ ఇలాంటి సభకు వెళ్తే ఒక్క జాగ్రత్త: చివరి బస్సు కోసం మధ్యలో లేచి రాకండి. ఆ రాత్రికి పడుకునే చోటు పగలే మాట్లాడి పెట్టుకోండి. వేదిక మీద దీపాలు ఆర్పేశాక కూడా అక్కడ ఎవరో ఒకరికి పక్కన మనిషి అవసరం పడుతుంది.