పేరు మార్చి పూడ్చిన మనిషి

పెద్దనాయన పోయాడన్న కబురు నా ఫోన్‌కు ఫోటోగా వచ్చింది. ఆదోని మార్కెట్లో పత్తి వేలం జరుగుతుండగా తెరిచి చూశాను. తెల్ల తలపాగా, నవ్వీ నవ్వని ఆ ముఖం ఆయనదే. కింద పేరు మాత్రం ఆయనది కాదు. ‘ఈశ్వరప్ప గారికి అశ్రునివాళి’ అని ఉంది. ఎవరిదో పేరు కింద ఈయన ఫోటో పొరపాటున పెట్టారేమో, మనిషి ఉన్నాడేమో అని కాసేపు ఆశపడ్డాను.

ఆయన కొడుక్కి ఫోన్ చేశాను.

“నిజమేన్నా. తెల్లారుజామున పోయినాడు.”

“మరి ఆ పేరేందిరా?”

“ఆ పాత పేరుతో ఫ్లెక్సీ ఎట్ల కట్టేదన్నా? నలుగురూ వస్తారు. మనోళ్ళంతా ఇదే బాగుందన్యారు. ఎమ్మిగనూర్లో అచ్చు గూడా అయిపాయ.”

మా ఊరు కౌతాళం పక్కన, కాలువ కింద. పెద్దనాయన మా నాన్నకు అన్న. ఆయనకు ముందు మా అవ్వకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు ఆమె మొహర్రానికి పీర్లు నిలిపే పీర్లచావిడికి పోయి, ఈ బిడ్డ దక్కితే పీరు పేరే పెట్టుకుంటానని మొక్కుకుంది. బిడ్డ దక్కాడు. అలా, శనివారం ఆంజనేయుడికి టెంకాయ కొట్టే మా ఇంట్లో ఒక పీరు పేరు పెరిగింది. మా పక్క అది వింత కాదు. అలాంటి పేర్లు వీధికొకటి ఉండేవి.

పీర్ల పండుగ వచ్చిందంటే పెద్దనాయన చెప్పులు విడిచేవాడు. మాంసం ముట్టడు, మంచం ఎక్కడు. చివరి రోజున పూలదండలు వేసిన పీరును ఎత్తుకుని నిప్పుల గుండం తొక్కేవాడు. తొక్కి వచ్చాక పిల్లలం ఆయన అరికాళ్ళు పట్టుకుని చూసేవాళ్ళం.

“సూడండప్పా, బాగ సూడండి. మా అమ్మ మొక్కు ఇంగా సల్లగానే ఉంది” అనేవాడు. తువ్వాలు ముడి విప్పి, పీర్ల దగ్గర చదివించిన చక్కెర మా చేతుల్లో తలా చిటికెడు పోసేవాడు.

శనివారం భజనలో తాళాలు పట్టేదీ ఆయనే. ఎవరైనా ఎగతాళి చేస్తే, “పేరిచ్చినోడు ఒగడు, పైరిచ్చేటోడు ఒగడు. ఇద్దరికీ దండం పెడితే నా సేతులేమన్నా అరిగిపోతాయా?” అనేవాడు.

తర్వాత ఊరు మారింది. మొదట గుడి దగ్గర. ఒక శనివారం కుర్రాళ్ళు ఆయన చేతిలోంచి తాళాలు తీసుకుని, “పీర్లెత్తుకునేది మానుకో పెద్దాయనా. ఆ పేరు గూడా మార్సుకో. అప్పుడు రా” అన్నారు. వాళ్ళ వెనకాల ఆయన కొడుకు నిలబడి ఉన్నాడు.

ఆ ఏడే చావిడి దగ్గరా అదే జరిగింది. చావిడి చూసుకునే ముజావరు పెద్దనాయనకు చిన్ననాటి నేస్తం. కానీ ముజావరు కొడుకు అడ్డం పడ్డాడు. అసలీ పీర్లే మన మతంలో లేవన్నాడు, అందులోనూ నుదుట విభూతి పెట్టుకునే మనిషి ముట్టడమేమిటన్నాడు. తండ్రి బతిమాలినా వినలేదు. మరుసటి ఏడాదికి చావిడికి తాళం పడింది.

నేను చూడబోయినప్పుడు పెద్దనాయన అన్న మాట ఇది: “ఈళ్ళు సాయిబువంటాండారు, ఆళ్ళు హిందువంటాండారు. రెండూ తిట్లు ఎప్పుడయినాయో నాకు తెలీకపాయెనే.”

పేరు మార్చుకోమని కొడుకు అడగని రోజు లేదు. “అది మా అమ్మ మొక్కురా. నాదైతే గదా మార్సేకి” అనేవాడు.

కష్టంలో ఆయన ఇంకా గొప్పవాడయ్యాడని రాయాలని ఉంది. కాలేదు. ముడుచుకుపోయాడు. భజన మొదలయ్యే వేళకు చేనికి వెళ్ళిపోయేవాడు. చావిడి ముందు నుంచి నడవాల్సి వస్తే కాలువ గట్టు మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. పిల్లలు పలకరిస్తే, “పోండి, నాతో మాట్లాడితే మిమ్మల్నీ అడుగుతారు, మీరెవురని” అని కసిరేవాడు. చక్కెర పంచిన మనిషి నోట ఆ మాట వినడం నాకు ఆయన చావు కంటే ఎక్కువ కష్టమనిపించింది.

మాలో పూడ్చడమే ఆనవాయితీ. నేను వెళ్ళేసరికి గుంత తీసి ఉంది. ముజావరు సమాధి మీద కప్పే మల్లెపూల చాదరు రెండు చేతుల మీద మోసుకుంటూ వచ్చాడు. కుర్రాళ్ళు దారిలోనే ఆపారు.

“ఈడ ఇవన్నీ వద్దు తాతా. ఇంటికి పో.”

ఆయన పూలు అట్లాగే పట్టుకుని వెనక్కి తిరిగాడు.

మంత్రం చదివే జంగమయ్య చనిపోయిన వాళ్ళ పేరు చెప్పమన్నాడు. “ఈశ్వరప్ప” అన్నాడు కొడుకు.

పెద్దమ్మ ఏడుపు ఆగిపోయింది. మొగుడి పేరు నోటితో పలకని తరం ఆమెది. రేషన్ షాపులో అడిగినా పక్కవాళ్ళు అందించాల్సిందే. ఆమె లేచి నిలబడి, “ఉసేనప్ప” అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“ఉసేనప్ప. నేను కట్టుకున్నోడు ఉసేనప్ప. ఆ ఈశ్వరప్ప ఎవురో నాకు తెలీదు. ఆయప్పను పూడ్సుకునేదుంటే పూడ్సుకోండి. నా మొగున్ని నేను ఇంటికి తీసుకపోతా.”

జంగమయ్య తిరిగి పెద్దనాయన కొడుకు వైపు చూశాడు. వాడు తల ఎత్తకుండానే, “కానీండి సామీ” అన్నాడు. మంత్రం ఈశ్వరప్ప పేరు మీదే సాగింది. మట్టి కూడా ఆ పేరు మీదే పడింది. పెద్దమ్మను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని ఇంటికి నడిపించారు.

ఒక ఇంటికి రెండు వాకిళ్ళు ఉండొచ్చని నాకు నేర్పింది పెద్దనాయనే. ఏ దేవుడి ముందైనా బెరుకు లేకుండా నిలబడగలుగుతున్నానంటే ఆయన చలవే. ఇప్పుడు రెండు వాకిళ్ళూ మూశాక, ఆయన నేర్పింది ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

దినాలకు మళ్ళీ వెళ్ళాను. అందరం సమాధి దగ్గరికి బయలుదేరాం. పెద్దమ్మ రాలేదు. తిరిగి వస్తుంటే కనిపించింది. తాళం వేసిన చావిడి మెట్ల మీద, వీధికి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఒళ్ళో ఊదుబత్తులు. కాలువ వైపు నుంచి గాలి కొడుతోంది. బంధువులు చూసీ చూడనట్టు దాటిపోతున్నారు. ఆమె అగ్గిపుల్ల గీస్తోంది, ఆరిపోతోంది. కొంగు అడ్డం పట్టుకుని మళ్ళీ ఇంకోటి గీస్తోంది.