తెర వెనుక ఖాళీ అయిన కంచం

నర్సు పని నేర్చుకునే పిల్లలు నన్ను గయ్యాళి అంటారని నాకు తెలుసు. అననీ. "రోగి బాగా తిన్నది" అని రాసి తెచ్చిన ప్రతి పిల్లనూ ఒకే మాట అడుగుతాను: "తింటుంటే నువ్వు చూసినవా?" ఖాళీ కంచం చూశానని చెబితే ఆ కాగితం అక్కడే చింపేస్తాను. పాపం, వాళ్ళ తప్పేం లేదు. నా పాత కోపం వాళ్ళ మీద పడుతుంది.

పల్లెల్లో దొరల గడీల మీద రైతుకూలీల సంఘం లేచిన రోజులవి. జనగామలో ఒక చిన్న దవాఖానలో నేను కొత్త నర్సును. మాది కురవి దగ్గర. మా అవ్వ దొర ఇంట్లో వెట్టిచాకిరీ చేసి, వాళ్ళు పారబోసే గంజి తెచ్చి నన్ను సాకింది. దొర అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది.

తరిగొప్పుల వైపు నుంచి పారిపోయి వచ్చి, జనగామలో అద్దె ఇంట్లో తలుపులు వేసుకుని బతుకుతున్న ఒక దొర కుటుంబం, స్పృహ తప్పిన పదహారేళ్ళ కూతురిని తీసుకొచ్చింది. ఎండాకాలంలో ఆ పిల్ల శాలువా కప్పుకుని ఉంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. చేతుల మీద పసిపిల్లకున్నట్టు సన్నని నూగు. ఆరు నెలలుగా ముట్టు రాలేదట. జబ్బ పట్టుకుంటే నా బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి.

"నా బిడ్డ అసొంటి ఇసొంటి పిల్ల కాదు నర్సమ్మ. మొదలు సోమవారం ఒక్కటే ఒక్కపొద్దుండేది. ఇప్పుడు దినాం ఒక్కపొద్దే. కురవి వీరన్నకు మొక్కుకున్నది," అంది తల్లి. ఆ మాటలో గర్వం ఉంది.

డాక్టరు స్పృహ తెప్పించి, రక్తం తక్కువని మందు రాసి, బాగా తినిపించమన్నాడు. తిండి మానడమే ఒక రోగమని మాలో ఎవరికీ తెలియదు. నా కళ్ళకు కనిపించింది పక్క మంచం మీదున్న కూలి మనిషి. దొరల మనుషులు ఊరి మీద చేసిన దాడిలో ఆమె గుడిసె గింజలతో సహా కాలిపోయింది. తిండి లేక కాళ్ళు వాచి మా దగ్గరికి వచ్చింది. ఆమె పక్కనే ఈ పిల్ల సన్నబియ్యం అన్నాన్ని వేళ్ళతో చిదుపుతూ కూర్చుంటే నా నోరు ఆగలేదు.

"బయట గింజ లేక మంది సస్తున్నరు. నీకు అన్నం చేదయిందా? కడుపు నిండిన బేరం!" అన్నాను.

పిల్ల ఏడవలేదు. "రేపటి సంది తింట నర్సమ్మ," అంది. కూలి మనిషి అటు తిరిగి పడుకుంది.

మర్నాడు తల్లి పాత పట్టుచీర ఒకటి పట్టుకొచ్చింది. "మందిల తింటే దిష్టి తగులుతది. కన్నతల్లి దిష్టయితే ఇంకా చెడ్డది. జర తెర కట్టు," అంది. నేనే కట్టాను. తల్లి అన్నం వడ్డించి వరండాలోకి వెళ్ళిపోయేది. కాసేపటికి కంచం ఖాళీగా బయటికి వచ్చేది. నా తిట్టు పనిచేసిందని పొంగిపోయాను. పదకొండు రోజులు "బాగా తిన్నది" అని రాశాను. జబ్బ పట్టుకుంటే వేళ్ళు మునుపటికన్నా వదులుగా కలిసేవి. అయినా నా చేతిని కాదని కంచాన్నే నమ్మాను. కూలి మనిషికి కాళ్ళ వాపు దిగుతుంటే అదంతా మా దవాఖాన గంజి మహిమ అనుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున పిల్ల మంచం దిగబోయి కూలిపోయింది. తెర లాగేశాను. ఎండిన మెతుకులు నేల మీద పక్క మంచం దాకా పడి ఉన్నాయి.

ఆ రోజు మొదటిసారి పిల్ల పక్కన కూర్చున్నాను. తిట్టలేదు. "ఎందుకు తినబుద్ధి అయితలేదు బిడ్డా?" అని అడిగాను.

"కిటికి తియ్యొద్దు, బయటికి పోవద్దు, గట్టిగ నవ్వొద్దు అన్నరు. తినకుండ ఉండుడు ఒక్కటే ఎవ్వల్ని అడగకుండ చేసిన. ఇప్పుడు ఇడిసిపెడుదమన్నా నాతోని అయితలేదు," అంది.

పలచని గంజి చెంచాతో తాగించాను. చెంచాకూ చెంచాకూ మధ్య ఆగాను. మింగాక కూడా చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాను. మొదటి రోజు నాలుగు చెంచాలు, రెండో రోజు ఆరు. ఇప్పుడు నర్సు పిల్లలకు నేర్పేదీ అదే. మూడో రోజు పొద్దున గంజి గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి ఆమె గుండె ఆగిపోయి ఉంది.

"ఒక్కపొద్దులుండి దేవుని దగ్గరికి పోయింది నా తల్లి," అని ఏడ్చింది వాళ్ళమ్మ. కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

వారం తర్వాత కూలి మనిషి తన కాళ్ళ మీద తాను నడిచి బయలుదేరింది. వాకిట్లో అడ్డం నిలబడ్డాను.

"ఆ అన్నం తిన్నది నువ్వే గదా! నాకెందుకు చెప్పలే?"

"దొరబిడ్డ తెర కిందికెల్లి పెడుతుంటే ఎట్ల వద్దందు? ఆకలైంది, తిన్న. చెప్తే పిల్లను మళ్ళ తిడుతవని బుగులైంది," అంది. మూట చంకన పెట్టుకుని నా మొహంలోకి చూసింది. "నువ్వు నన్ను ఒక్కసారన్న అడిగినవా నర్సమ్మ? ఖాళీ కంచం చూసి నవ్వుకుంట పోతివి."

నిజమే. పదకొండు రోజులూ నవ్వాను.