కీచుమనే రేకు

అతనికి సొంత పేరొకటి ఉందని కట్టుకున్న భార్యకైనా గుర్తుందో లేదో. మామగారింట్లో ఇల్లరికం, మామగారి షెడ్డులోనే మెకానిక్కు పని. వీధి వీధంతటికీ అతను అల్లుడే. ముక్కూ మొహం తెలియని కార్లవాళ్లు కూడా "అల్లుడుగారూ, కాస్త క్లచ్ చూడండి" అంటారు. కుక్కిన పేనులా పడి ఉండడం అతనికి బాగా అలవాటైంది.

మామగారి పేరు మాత్రం మారుమోగిపోయింది. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, ఎదుటివాళ్లనీ పెట్టనివ్వరు. బ్రేకులకి కొత్త సామాను వేయమంటే, "పాతది ఇంకా బతికే ఉందయ్యా, అప్పుడే పాడె కట్టేస్తావా?" అంటారు. డబ్బు మిగిలిందని జనం మురిసిపోతారు.

బడిపిల్లల్ని కారులో తిప్పే డ్రైవరు ఒకరోజు వచ్చాడు. బ్రేకు తొక్కితే చాలు, కీచుమంటోందట. అల్లుడు చక్రం విప్పి చూశాడు. బ్రేకు ప్యాడ్లు అరిగి అరిగి అట్టముక్కల్లా మిగిలాయి. ప్యాడు అంచున చిన్న ఇనప రేకు ఉంటుంది. ప్యాడు అరిగాక అది డిస్కుకి రాసుకుని కీచుమంటుంది. ఇక మార్చండి బాబూ అని దాని మొర.

"మార్చాలి మామయ్యా," అన్నాడు మెల్లగా.

"ఎందుకూ? ఆయనకి చప్పుడు పోవాలి, అంతేగా! ఆ రేకు వంచెయ్."

"కానీ..."

"షెడ్డు నాదా, నీదా?"

అల్లుడు పట్టకారుతో రేకుని వెనక్కి వంచేశాడు. చప్పుడు పోయింది. "మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ!" అని డ్రైవరు సంబరపడ్డాడు. ఆ సంబరంలోనే, రేపట్నించి మీ పిల్లని కూడా ఊరికే బళ్లో దింపుతానన్నాడు. ఊరికే అంటే మామగారు కాదంటారా?

ఆ రాత్రి అల్లుడికి కునుకు పడితే ఒట్టు. బడి దగ్గర రోడ్డు నిలువునా పల్లం, కింద లారీలు తిరిగే కూడలి. డ్రైవరుకి నిజం చెబితే షెడ్డు పరువు గంగలో కలుస్తుంది. ఆ తర్వాత పెళ్లాం పిల్లతో ఎక్కడికి పోతాడు? చెప్పకపోతే ఏమవుతుందో తలుచుకోవడానికే భయమేసింది.

పొద్దున్నే కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. యూనిఫాం వేసుకుని పరిగెత్తబోతున్న కూతురి సంచి పట్టుకుని అల్లుడు వెనక్కి లాగాడు.

"ఇవాళ దీనికి ఒళ్లు వెచ్చగా ఉందండీ. రాదు."

"అయ్యో, జాగ్రత్తగా చూసుకోండి," అని డ్రైవరు బండి కదిలించాడు. వెనకద్దంలోంచి పిల్లలు చేతులూపారు. అల్లుడూ ఊపాడు. ఊపిన చేతిని నరికేసుకోవాలనిపించింది.

"నాకు జ్వరం లేదుగా నాన్నా?" అంది కూతురు.

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. అంతా చూశారు. అల్లుడు తల వంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు, తనూ ఇవాళ నోరు విప్పేసి ఆ కారు వెనకే పరిగెత్తుదామనుకున్నాడు. మామగారు మెల్లగా మెట్లు దిగి, మనవరాలి నుదుటి మీద చెయ్యి వేశారు. నుదురు చల్లగానే ఉంది.

"జ్వరమే," అన్నారు, అల్లుడి మొహం చూడకుండా. "ఈ వారమంతా బడి మానిపించు."