బుల్లి ఇంగ్లీషులో నా వాటా

బుల్లీ,

నిన్న మధ్యాహ్నం చేపలు కడుగుతుంటే ఫోన్ మోగింది.

"ఆంటీ, బుల్లి షాపులో పడిపోయింది. హాస్పిటల్‌కి తెచ్చాం. తొందరగా రండి" అంది లిల్లీ.

నేను ఆటో దిగేసరికే నువ్వు లేవు.

గుండె ఆగిపోయిందన్నారు. ముప్పై రెండేళ్ళ పిల్లకి గుండె ఆగడమేమిటి? ఇంకా నమ్మకం కుదరడం లేదు.

నీ కబురు కన్నతల్లిని, నాకన్నా ముందు లిల్లీకి తెలిసింది. నీ చివరి మాట కూడా తనే విన్నది. నేను ఇంట్లో పిలుచుకునే పేరు కూడా తనకి ఇచ్చేశావు. ఇంత ఏడుపులోనూ నాకు అదే కుళ్ళు.

ఇది చదివే మనవాళ్ళలో లిల్లీ తెలియనివాళ్ళకి చెప్తున్నాను. వన్ టౌన్‌లో ఓడలకి సరుకులు వేసే షాపులో మా బుల్లితో పనిచేసే పిల్ల. కాన్వెంట్‌లో చదివింది, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది.

మా బుల్లిది తెలుగు మీడియం పది. వెనకాల గోడౌన్‌లో ఉల్లిపాయలు తూకం వేసేది. కౌంటర్‌లోకి వెళ్ళాలని ఎంతో ఆశ. కానీ ఓడ వంటవాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడాలంటే భయం. ఒకసారి ఒక ఫారిన్ కుక్ ఏదో అడిగితే నోరు పెగలక, బియ్యం బస్తాల వెనక్కి వెళ్ళి నిలబడిపోయిందట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచి నీకు నేనే కుక్‌ని బుల్లీ. గుర్తుందా?

నేను ఐదు వరకే చదివాను. నాకు వచ్చిన ఇంగ్లీషు యెస్, నో, టూ మచ్. గరిటె పట్టుకుని పీట మీద కూర్చునేదాన్ని. నువ్వు గుమ్మంలోంచి "గుడ్ మార్నింగ్ సర్, ఆనియన్స్ హౌ మెనీ బ్యాగ్స్?" అంటూ వచ్చేదానివి.

నేను మూతి ముడిచి "టూ మచ్! టూ మచ్!" అనేదాన్ని.

"ఓలమ్మా, నాను రేటే సెప్పలేదు. అప్పుడే టూ మచ్ అంటావేటి!" అని పొట్ట పట్టుకుని నవ్వేదానివి.

నా ముందు నీకు భయం లేదు. నువ్వు తప్పు చెప్పినా నాకు తెలీదు కదా.

తర్వాత లిల్లీ వచ్చింది.

షాపు కట్టేశాక ఇద్దరూ బీచ్ రోడ్డులో నడుస్తూ ఇంగ్లీషే మాట్లాడుకునేవారు. ఇంటికొచ్చినా అదే గోల. లిల్లీ అలా అంది, లిల్లీ ఇలా దిద్దింది.

నా పీట గోడకి చేరింది.

"నాను పనికిరానేటే ఇంక?" అని ఒకరోజు అడిగేశాను.

"నా భయం తీసింది నువ్వే కాదేటమ్మా. తప్పులు తియ్యడానికి లిల్లీ కావాల. నీకు కుళ్ళెక్కువైపోతంది" అన్నావు.

అవునే. కుళ్ళే.

నువ్వు కౌంటర్‌లోకి వచ్చిన కొత్తలో క్యారేజీ ఇద్దామని వచ్చి గుమ్మంలోంచి చూశాను. తాటిచెట్టంత కుక్‌తో చేతులూపుతూ మాట్లాడుతున్నావు. మధ్యలో మాట దొరక్క ఆగిపోయావు.

బస్తాల వెనక్కి పోలేదు నువ్వు. "వన్ మినిట్ సర్" అని, దొరికిన మాటలతోనే మళ్ళీ మొదలుపెట్టావు.

అతను వెళ్ళాక లిల్లీ వంక చూసి నవ్వావు. సంతోషమేసింది. ఆ నవ్వు నా వైపు తిరగలేదని కడుపు కూడా మండింది.

నిన్న ఇంటి ముందు లిల్లీ నాకన్నా గట్టిగా ఏడ్చింది. వచ్చినవాళ్ళు తననే ఓదార్చారు. దానికీ కుళ్ళుకున్నాను.

అందరూ వెళ్ళాక వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఆంటీ, నాను సెప్పినవన్నీ ఇనేది. ఒక్కటి మాత్రం ఇన్లేదు. సరుకు తీసుకుని ఎల్లేవాళ్ళకి 'ఈట్ వెల్ సర్' అనేది. అలా ఎవరూ అనరే, 'హేవ్ ఎ నైస్ డే' అనాల అని ఎంత పోరానో. 'మాయమ్మ గుమ్మంలో నిలబడి అదే అంటాది, నాను మానను' అనేది. ముందు నవ్వేవోలు. ఇప్పుడా కుక్‌లే మళ్ళీ వచ్చినప్పుడు 'ఈట్ వెల్ మేడమ్' అంటారు. మీ మీద నాకెంత కుళ్ళో ఆంటీ!"

రోజూ క్యారేజీ చేతికిస్తూ నేననే మాట. బాగా తినవే బుల్లీ, అని.

నా మాట ఓడలెక్కి వెళ్ళిందట. లిల్లీ దిద్దినా దిద్దుకోలేదట నువ్వు.

పక్కింటివాళ్ళు తెచ్చిన అన్నం కలిపి లిల్లీకి పెట్టాను. ఏడుస్తూనే తింది. తర్వాత తను కలిపి నాకు పెట్టింది.

ఇంగ్లీషు రాదని ఇంత వయసులో సిగ్గుపడేవాళ్ళు ఉంటే, ముందు ఇంట్లో ఎవరినైనా పీట మీద కూర్చోబెట్టుకోండి. వెక్కిరించనివాళ్ళని. తప్పులు తర్వాత ఎవరైనా దిద్దుతారు.

వెళ్ళిరా తల్లీ. నీ ప్రాణం చల్లగా ఉండాలి. అక్కడ ఎవరు ఏ భాషలో పలకరించినా బస్తాల వెనక్కి వెళ్ళకు.

ఇది చదివినవాళ్ళు నాకేమీ రాయక్కర్లేదు.

బాగా తినండి.