పండ్లు తెచ్చినామె, బ్యాగు తెచ్చినామె

మా ఇంటికి పలకరింపుకొచ్చిన సుట్టంతోని నేను డైపర్ మార్పిచ్చిన ముచ్చట మీ దాంక వచ్చే ఉంటది. వేరేటోళ్ళు ఉప్పుకారం ఏసి చెప్పకముందే నేనే చెప్త, ఇనుండ్రి.

మా అత్త బాత్‌రూంల జారిపడి తుంటి బొక్క ఇరిగింది గదా. ఖమ్మంల ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చింది. మంచం దిగద్దన్నరు. మా ఆయన కాలం చేసిపాయె. చేన్ల చూస్తే మిర్చి కోతకొచ్చె. కూలోళ్ళ ఎనక నేను లేకుంటే కాయంత చెట్టు మీదనే తాలైపోతది. అందుకని నర్సును పెట్టిన. మా అత్త నోటికి ఇద్దరు పారిపోయిన్రు. ఏజెన్సీ ఆయన, "అమ్మా, రేపు కొత్తగూడెం నుంచి ఇంకొకామెను పంపిస్త. ఈమె గూడ పోతే ఇగ నాకు ఫోన్ చెయ్యకు" అన్నడు.

పొద్దుగాల ఆటో ఆగింది. పెద్ద బట్టల బ్యాగుతోని ఒకామె దిగింది. ఇంట్ల ఉండి చేసేదానికి బట్టలు గావాలె గదా, నర్సే అనుకున్న.

"వచ్చినవా? నీ కోసమే చూస్తున్న. జల్దీ కాళ్ళు కడుక్కో. ముందు డైపర్ మార్చాలె."

ఆమె బ్యాగు పట్టుకోని అట్లనే నిలబడ్డది. "నేనా అక్కా?"

"మరి నేనా? నేను చేన్లకు పోవాలె."

చేసింది పాపం. ఒళ్ళు తుడిచింది, జావ తాపింది, బట్టలు గూడ పిండింది. మా అత్తను "అత్తా, అత్తా" అని పిలవబట్టె. ఇప్పుడు నర్సులకు గిట్ల పిలవాలని ట్రైనింగ్ ఇస్తున్నరేమో అనుకున్న. ఇంకో వింత, మా అత్త ఒక్క తిట్టు తిట్టలే.

నేను చెప్పులేసుకునే టైముకు ఇంకొకామె వచ్చింది. బ్యాగు లేదు, చేతుల అరటిపండ్లు. పండ్లు పట్టుకోని పలకరింపుకు రాక ఇంకెందుకొస్తరు? చెప్పులిడిచి, కుర్చీ ఏసి చాయ్ ఇచ్చిన.

"ముసలామెకు షుగరున్నదా? నిద్ర పడుతున్నదా?" అని అడుగబట్టె. ఎవరొచ్చినా గదే అడుగుతరు. జవాబు చెప్పుకుంటనే కోడిని కోపిచ్చిన. సుట్టాన్ని ఉత్త పప్పుతోని పంపుతమా? "లోపలికి పోయి చూస్త" అని ఆమె లేస్తే, "నువ్వు కూసో, చేసేటామె ఉన్నది" అని మళ్ళ కూసోబెట్టిన.

కూర రెండోసారి ఏస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, మరి నా డ్యూటీ ఎప్పటి నుంచి?"

"ఏం డ్యూటీ?"

"ఏజెన్సీ ఆయన పంపిండు గదా. ముందు ముసలామెను చూసి, మాట కుదిరితే రేపు బట్టలు తెచ్చుకుందామని వచ్చిన. మొదటిసారి ఉత్త చేతులతోని ఎట్లొస్త అని పండ్లు తెచ్చిన."

గంటె చేతులనే ఆగింది. నాకేం సమజ్ కాలే. నర్సు ఈమె అయితే, లోపల మా అత్త కాళ్ళు పిసికేది ఎవరు?

ఉరికిన. "నువ్వెవరమ్మా?"

"దుమ్ముగూడెం సరోజను అక్కా. అత్త పడ్డదంటే రెండ్రోజులుండి పోదామని వచ్చిన. పండ్లు బస్సుల మర్చిపోయిన. ఉత్త చేతులతోని వచ్చిన్నని కోపంతోని పని చెప్తున్నవనుకున్న."

మా అత్త అన్న బిడ్డ. నా పెండ్లిల లంగావోణీల చూసిన పిల్ల. మా ఆయన పోయినప్పుడు గూడ వచ్చిందట గని, అప్పుడు నేనెవరిని చూసిన?

"నీకు తెల్సు గదా, చెప్పద్దా?" అని మా అత్తను అడిగిన.

"చెప్తే పోయి కుర్చీల కూసుంటది. దీని చెయ్యి మెత్తగున్నది" అన్నది.

నర్సు మాత్రం నిలబడ్డది. కోడికూర పెట్టే ఇల్లు ఇడిచిపెట్టదంట. ఇగ ఆదివారం ఆదివారం కోడిని కొయ్యక తప్పుతలేదు. మా సుట్టాలైతే ఇప్పుడు గేటు కాడ్నే ఆగుతున్నరు. అరటిపండ్లు పైకెత్తి నాకు చూపిచ్చినంకనే లోపల కాలు పెడుతున్నరు.