నర్సన్నను తిట్టే హక్కు నాది

నర్సన్న నన్ను నిండు గ్రౌండ్‌లో చెంప మీద కొట్టాడు.

ఫైనల్ నడుస్తోంది. మనకు ఒక పాయింట్ లీడ్. నా కాలర్ పట్టుకుని గీత బయటికి ఈడ్చి, కొట్టి, నా చోట ఇంకొకడిని దింపాడు. ఆ ఇంకొకడు రైడర్ మడమ వదిలేశాడు.

ఓడిపోయాం.

ఎందుకు తీశావని ఏళ్ల తరబడి అడిగాను. మెస్‌లో అడిగాను, బస్సులో అడిగాను. "ఆట అయిపోయింది గదా, అన్నం తిను" అనేవాడు. అంతే.

నిన్న మధ్యాహ్నం రెస్ట్ టైమ్‌లో సైట్ షెడ్డు కింద పడుకుని ఉన్నాను. గంగాధర్ ఫోన్ చేశాడు. "బాపూ, నర్సన్న పోయిండు. డ్యూటీల్నే గుండె ఆగిందట."

ఫోన్ గోడకేసి కొట్టాను. పక్కనున్న బంగ్లాదేశ్ మనిషి లేచి కూర్చున్నాడు.

అద్దం పగిలింది. ఆ ఫోన్‌లోనే మన జట్టు గ్రూప్‌కు ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. నా చదువు రెండో తరగతి.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నర్సన్న ఇక్కడ ఖతర్‌లో మన లేబర్ క్యాంప్ కబడ్డీ జట్టు కోచ్. పగలు పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. సాయంత్రం క్యాంప్ వెనక ఇసుకలో అందరి ప్రాణాలు తోడేసేవాడు. నేను లెఫ్ట్ కార్నర్‌లో, రైడర్ మడమ పట్టే చోట ఆడేవాడిని. ఇప్పుడు మోకాళ్లు పోయాయి, జట్టుకు పెద్దదిక్కుగా ఉన్నాను.

నిన్న సాయంత్రం అందరూ గ్రౌండ్‌కి వచ్చారు. ఏడవడానికేమో అనుకున్నాను.

మన వాళ్లకు ఏడవడం రాదు. కోచ్ మంచోడా చెడ్డోడా అని మొదలుపెట్టారు.

"డిఫెన్స్ అంటే నర్సన్న. గసొంటి మడమ పట్టు నేర్పెటోడు ఖతర్ మొత్తంల లేడు" అన్నాడు గంగాధర్. వాడు కార్నర్ ఆడతాడు, అట్లాగే అంటాడు.

"కూతకు పోయెటోళ్ల రక్తం తాగిండు గాయన" అన్నాడు మన పెద్ద రైడర్ రాజు. "ప్రాక్టీసుల నా బుజం ఎముక ఇరిగినా లేపలే. కూత ఆపకు అన్నడు."

"నీ తొందరకు నువ్వు ఇరగ్గొట్టుకున్నవ్. సచ్చినోని మీద పెడ్తున్నవా?" అన్నాడు గంగాధర్.

"సచ్చినా గాయన గాయనే."

మాట పూర్తి కాకముందే గంగాధర్ తలతో రాజు మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి ఇసుకలో పడింది. రాజు వాడి గొంతు పట్టాడు. రైడర్లంతా ఒక పక్క, డిఫెన్స్ అంతా ఒక పక్క. టిఫిన్ క్యారియర్ తగిలి ఒకడి నుదురు చీలింది. మధ్యలోకి వెళ్తే నా పక్కటెముకల్లో మోచెయ్యి దిగింది. అది ఎవరిదో నాకు తెలుసు. తర్వాత చూసుకుంటాను.

క్యాంప్ బాస్ వచ్చి "ఖలాస్, ఖలాస్", ఇక చాలు ఆపండని అరిస్తే ఆగారు. ఇంకోసారి కొట్టుకుంటే జట్టు రద్దు, గ్రౌండ్ బంద్ అని చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు నేను చెబుతాను.

నర్సన్న చెడ్డవాడే. చెయ్యి ముందు, మాట తర్వాత. రైడర్లను ఏనాడూ నమ్మలేదు. కాస్త లీడ్ వస్తే చాలు, భయపడి ఆట ముడుచుకునేవాడు. చేతిలో ఉన్న మ్యాచ్‌లు అట్లా పోగొట్టాడు. నన్ను తీసింది తప్పే. చచ్చిపోయాడని నేను మాట మార్చను.

కానీ ఇదీ నా కళ్లతో చూశాను.

సత్తయ్య, మల్లేశ్ అని ఇద్దరు ఆడేవాళ్లు. ఇప్పుడు ఊళ్లో ఉన్నారు. స్నానాల దగ్గర నీళ్ల కోసం గొడవపడి మల్లేశ్ పారతో సత్తయ్య కనుబొమ్మ చీల్చాడు.

కుట్లు పడ్డాయి. ఇంకా పచ్చిగా ఉండగానే నర్సన్న ఇద్దరినీ ఒకే గొలుసులో నిలబెట్టాడు. గొలుసంటే ఇద్దరు చేతులు పట్టుకుని రైడర్‌ను అడ్డుకోవడం. పక్కవాడు చెయ్యి వదిలాడా, దెబ్బ నీకు.

ఇద్దరి మణికట్లు తువ్వాలుతో కలిపి కట్టాడు. అందరికంటే బరువైన రైడర్‌ను మీదికి వదిలాడు.

చెరోవైపు గుంజుకుని ఇద్దరూ బోర్లా పడ్డారు. ముక్కులు పగిలాయి. కుట్లు తెగి సత్తయ్య కంట్లోకి రక్తం కారింది. తుడుచుకోనివ్వలేదు నర్సన్న.

"మల్ల రా" అన్నాడు రైడర్‌తో.

మళ్లీ పడ్డారు. మళ్లీ వచ్చాడు.

చివరికి ఇద్దరూ కలిసి పట్టిన పట్టుకు ఆ రైడర్ ఇసుకలో పడి లేవలేకపోయాడు. మల్లేశ్ తన బనియన్ చింపి సత్తయ్య కన్ను ఒత్తుతున్నాడు. నర్సన్న ఆ తువ్వాలు విప్పుకుని, తన ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి మన క్యాంప్‌లో అదే కాయిదా. కొట్టుకున్నవాళ్లు పక్కపక్కన ఆడాలి.

శుక్రవారం అల్ అజీజియా జట్టుతో మ్యాచ్ ఉంది. ఉంచుదామా, ఆపుదామా అని వాళ్లు అడుగుతున్నారు. గ్రౌండ్‌లో నర్సన్న ఫోటో పెడితే ఆడనంటాడు రాజు. పెట్టకపోతే ఆడనంటాడు గంగాధర్.

ఫోటో నేను తెస్తాను.

రాజూ, ఆ ఫోటో ముందు మైక్ పట్టుకుని నీ భుజం సంగతి నువ్వే చెప్పు. దెబ్బ తిన్నావు కాబట్టి నీకూ తిట్టే హక్కుంది. గంగాధర్, నువ్వు నోరు మూసుకుని విను. తర్వాత నీకు ఆయన నేర్పింది చెప్పు, రాజు వింటాడు. నా చెంపదెబ్బ సంగతి నేను చెప్పుకుంటాను. అదే మన నివాళి. పొగడ్తలు నర్సన్నకు పడవు.

ఆ తర్వాత మీరిద్దరూ ఒకే గొలుసులో ఆడాలి.

ఇద్దరూ కలిసి నా రూమ్‌కు వచ్చి, ఆడతామో ఆడమో నోటితో చెప్పండి. రాకపోతే మన జట్టు ఇక లేదని అజీజియా వాళ్లకు నేనే ఫోన్ చేస్తాను. జెర్సీలు మూటగట్టి క్యాంప్ బాస్‌కు ఇచ్చేస్తాను.

నర్సన్నా, పోయిరా. అక్కడ ఎవరి మీదా అరవకుండా కాస్త కూర్చో. నీ ఒంటికి, నీ మనసుకు నెమ్మది దొరకాలి.

రాజూ, గంగాధర్, గురువారం పొద్దు గూకి మసీదులో మగ్రిబ్ బాంగు ఇచ్చే లోపల నాకు జవాబు కావాలి.